అరవై మిల్లీలీటర్ల నీళ్లు: బోటు ఇంజన్ మానిఫోల్డ్ లెక్కలు

ఆరు సిలిండర్లు, ఆరు లీటర్ల డీజిల్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ వాటా ఒక లీటరు. కంప్రెషన్ నిష్పత్తి 17 అనుకుంటే, పిస్టన్ పైకంటా చేరినప్పుడు దాని నెత్తిన మిగిలే ఖాళీ 62.5 మిల్లీలీటర్లు. హోటల్లో ఇచ్చే చిన్న చాయ్ గ్లాసులో కూడా అంతకంటే ఎక్కువే పడుతుంది. ఆ ఖాళీలో గాలి ఉంటే నలుగుతుంది, నీళ్లుంటే నలగవు. పిస్టన్ అక్కడే ఆగిపోతుంది, క్రాంక్ మాత్రం ఆగదు. రెండింటి మధ్య ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బోటు ఇంజన్‌లోకి ఆ కాసిన్ని నీళ్లు వచ్చే దారుల్లో ఎక్కువసార్లు పట్టుబడేది పొగ బయటకు పోయే దారే. అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, దాని మీద కూర్చునే రైజర్, ఆ తర్వాత పొగలో నీళ్లు కలిసే మిక్సింగ్ ఎల్బో.

లారీ ఇంజన్‌లో మానిఫోల్డ్ ఒక వట్టి ఇనప గొట్టం. పగిలితే చప్పుడు చేస్తుంది, పొగ చిమ్ముతుంది, డ్రైవర్‌కు వెంటనే తెలిసిపోతుంది. బోటులో ఎక్కువగా రెండు గోడల మానిఫోల్డ్ వాడతారు. లోపలి గొట్టంలో పొగ, చుట్టూ ఉన్న జాకెట్‌లో నీళ్లు. ఇది బయటి నుంచి చూస్తే పెయింట్‌తో నిగనిగలాడుతూనే ఉంటుంది. చిల్లు పడేది లోపలి గోడకు. ఈ భాగాన్ని చూసి కాదు, కొలిచి నమ్మాలి అని నేను పదేపదే చెప్పడానికి కారణం ఇదే.

సముద్రానికి రోడ్డు దారిన దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో ఉన్న సంగారెడ్డి, పటాన్‌చెరు వాళ్లకు ఈ సంగతి ఎందుకని అనిపించవచ్చు. జహీరాబాద్, సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా హైదరాబాద్ చేరే 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, విజయవాడ దాటి మచిలీపట్నంలో ఆగుతుంది. అక్కడే గిలకలదిండి చేపల రేవు. ఒక కొసన బోట్లు, ఇంకో కొసన షెడ్లు. మానిఫోల్డ్‌కు కావలసిన పోత పని, మిల్లింగ్, సర్ఫేస్ గ్రైండింగ్, స్టెయిన్‌లెస్ వెల్డింగ్, గోడ మందం కొలిచే పరీక్ష, ఇవన్నీ పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పరిసరాల్లో రోజూ జరిగేవే. మందుల ఫ్యాక్టరీల రియాక్టర్ల కోసం, ట్రాక్టర్ల కోసం, లారీల కోసం చేతికి అబ్బిన పనులు అవి.

పైగా నీళ్లలో తేలే ఇంజన్ సంగారెడ్డి జిల్లాకు కొత్త కాదు. ఎద్దుమైలారంలో 1984లో మొదలైన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ మెదక్ సైన్యం కోసం బీఎంపీ-2 'సారథ్' వాహనాలు చేస్తుంది. 2021 అక్టోబరు నుంచి అది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వచ్చింది. 14 టన్నుల పైచిలుకు బరువున్న ఈ ఇనప బండి నదిలోకి దిగి, తన గొలుసు చక్రాలే తెడ్లుగా గంటకు సుమారు 7 కిలోమీటర్ల వేగంతో ఈదుతుంది. లోపల దాదాపు 300 హార్స్ పవర్ డీజిల్ ఇంజన్ ఉంటుంది. ఆ ఇంజన్ పొగకు పెట్టిన షరతు చేపల బోటుకు పెట్టే షరతే: బయటికి పోయే దారి నీటిమట్టానికి పైన ఉండాలి, లోపలికి ఒక్క చుక్క తిరిగి రాకూడదు.

ముందు వేడి లెక్క చూద్దాం. 100 హార్స్ పవర్ బోటు ఇంజన్ అనుకుందాం, అంటే 75 కిలోవాట్లు. పూర్తి లోడ్ మీద ఇలాంటి డీజిల్ ఇంజన్ గంటకు సుమారు 16 కిలోల ఇంధనం, అంటే దాదాపు 19 లీటర్లు తాగుతుంది. లీటరు డీజిల్‌లో దాదాపు 10 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది కాబట్టి, లోపలికి పోయేది 190 కిలోవాట్లు, షాఫ్ట్ మీదికి వచ్చేది 75. మిగిలిన దాంట్లో దగ్గర దగ్గర సగం, 50 నుంచి 60 కిలోవాట్లు, పొగతో పాటే మానిఫోల్డ్‌లోంచి పోతుంది. లోడ్ మీద డీజిల్ పొగ 400 నుంచి 600 డిగ్రీల దాకా ఉంటుంది. పెట్రోలు ఇంజన్‌లో ఇంకా ఎక్కువ.

ఇంత వేడిని ఇరుకైన ఇంజన్ గదిలో వదిలేయలేం. పెద్ద నౌకలకు వర్తించే అంతర్జాతీయ సోలాస్ నిబంధన ప్రకారం 220 డిగ్రీలు దాటే ఉపరితలం దేనికైనా కవచం ఉండాలి. డీజిల్ తుంపర నిప్పురవ్వ అక్కర్లేకుండానే అంటుకునే వేడి కూడా దాదాపు అక్కడే, 210 నుంచి 250 డిగ్రీల మధ్య మొదలవుతుంది. ఇంజెక్టర్ పైపు సన్నగా చిట్లి, ఆ తుంపర నగ్నంగా ఉన్న మానిఫోల్డ్ మీద పడితే ఇంజన్ గది తగలబడుతుంది. జాకెట్‌లో నీళ్లు తిరుగుతుంటే బయటి గోడ ఆ 220 డిగ్రీల దరిదాపులకు కూడా రాదు. చిన్న బోట్లలో జాకెట్ లేని మానిఫోల్డ్, నిలువు పొగ గొట్టం ఇప్పటికీ కనిపిస్తాయి. వాటికి ఆస్బెస్టాస్ తాడు చుట్టే అలవాటు ఉంది. ఆ తాడు పొడి రాలి ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తర్వాత ప్రాణం తీస్తుంది. గ్లాస్ ఫైబర్ టేపు, సెరామిక్ దుప్పటి మార్కెట్లో దొరుకుతుండగా ఇంకా ఆస్బెస్టాస్ చుట్టడాన్ని నేను ఏ లెక్కన చూసినా సమర్థించలేను.

రెండో లెక్క నీళ్లది. గంటకు 16 కిలోల డీజిల్ కాల్చే ఇంజన్ సుమారు 420 కిలోల పొగ వదులుతుంది. దాన్ని 450 డిగ్రీల నుంచి 70కి దించాలంటే తీసేయాల్సిన వేడి 49 కిలోవాట్లు. లోపలికి వచ్చే సముద్రపు నీళ్లు 30 డిగ్రీలుండి, బయటికి 60 దగ్గర పోవాలంటే నిమిషానికి 23 లీటర్లు కావాలి. పంపులోని రబ్బరు ఇంపెల్లర్‌కు రెండు రెక్కలు తెగి ప్రవాహం సగానికి పడితే బయటికొచ్చే నీళ్లు 90 డిగ్రీలకు చేరతాయి. ఎగ్జాస్ట్ హోస్ పైపులకు సాధారణంగా పెట్టే పరిమితి 93 డిగ్రీలు. మూడో వంతుకు పడితే లెక్క మరుగు బిందువును దాటిపోతుంది, ఆవిరి మొదలవుతుంది, రబ్బరు కాలుతుంది. కాబట్టి మానిఫోల్డ్ జబ్బు చాలాసార్లు ఇంపెల్లర్‌లో పుడుతుంది. ఏటా ఇంపెల్లర్ మార్చడం, తెగిన రెక్క ముక్కలు ఎక్కడ ఇరుక్కున్నాయో వెతికి తీయడం మానిఫోల్డ్ నిర్వహణలో భాగమే. వెతకని ముక్క నేరుగా పోయి జాకెట్ సందులోనే కూర్చుంటుంది.

ఇక ఉప్పు. బంగాళాఖాతం నీటిలో లీటరుకు 30 నుంచి 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. వరద కాలంలో గోదావరి, కృష్ణ మొగల దగ్గర ఇది బాగా పడిపోతుంది. చల్లగా, నెమ్మదిగా ఉన్న సముద్రపు నీటిలో పోత ఇనుము ఏడాదికి దాదాపు 0.1 మిల్లీమీటరు అరుగుతుంది. మానిఫోల్డ్‌లో నీరు చల్లగా లేదు, నెమ్మదిగా లేదు. గాలి కలిసిన వేడి నీరు అది. మిక్సింగ్ ఎల్బోలో పొగలోని ఆమ్లం కూడా తోడవుతుంది. అరుగుదల నాలుగు రెట్లు అనుకుంటే 5 మిల్లీమీటర్ల గోడ ఐదేళ్లలో 3కి వస్తుంది. అది సగటు మాత్రమే. తుప్పు గుంటలు పడి తొలుస్తుంది కాబట్టి గుంట ఉన్న చోట మిగిలేది ఇంకా తక్కువ. సముద్రపు నీరు నేరుగా తిరిగే మానిఫోల్డ్‌ను ఐదారేళ్లకు మార్చేయమని ఇంజన్ మెకానిక్కులు చెప్పడం ఊరికే కాదు. హీట్ ఎక్స్‌ఛేంజర్ పెట్టి, మానిఫోల్డ్‌లో కూలెంట్ మాత్రమే తిప్పే క్లోజ్డ్ పద్ధతిలో అయితే మానిఫోల్డ్ పదేళ్లు దాటి బతుకుతుంది. అప్పుడు దెబ్బ తినేది ఉప్పు నీళ్లు కలిసే ఎల్బో ఒక్కటే. అది చిన్న భాగం, మార్చడం తేలిక.

పోత ఇనుముకు ఇంకో గుణం ఉంది, అది తెలియక మోసపోయేవాళ్లు ఎక్కువ. ఉప్పు నీటిలో దానిలోని ఇనుము కరిగిపోతుంది కానీ గ్రాఫైట్ మిగిలిపోతుంది. ఆకారం మారదు, రంగు కాస్త నల్లబడుతుంది, అంతే. విప్పిన మానిఫోల్డ్ నోటి దగ్గర, నీళ్ల సందు అంచున స్క్రూడ్రైవర్ మొన పెట్టి గట్టిగా గీకి చూడండి. మంచి ఇనుము మీద గీత పడి మెరుస్తుంది. చచ్చిన ఇనుము మీద మొన దిగబడుతుంది, పెన్సిల్ ముల్లు పొడి లాంటి నల్లటి పిండి రాలుతుంది. “లీకేం లేదన్నా, పెయింట్ కొట్టి బిగించేద్దాం” అనే మాట సరిగ్గా ఈ దశలోనే వినిపిస్తుంది. లీకు లేకపోవచ్చు, కానీ నీటికీ సిలిండర్‌కూ మధ్య ఉన్నది అప్పటికే ఇనుము కాదు.

మంచినీళ్లలో తిరిగే బోటుకు ఉప్పు బాధ లేదు. సింగూరు జలాశయమే చూడండి, దాని సామర్థ్యం 29.91 టీఎంసీలు. నిండుగా ఉన్న ఏడు అందులో నీళ్లు తేటగా ఉంటాయి. ఎండిన ఏడాది, 2019 లాంటి సంవత్సరంలో, మిగిలే మడుగులో తిరిగే ఇంజన్ పీల్చేది సగం ఒండ్రే. ఒండ్రు జాకెట్ అడుగున పేరుకుంటుంది, నీరు తిరగని మూల వేడెక్కుతుంది, పోత అక్కడే చిట్లుతుంది. క్లోజ్డ్ పద్ధతి ఉన్న ఇంజన్లలో ఇంకో పొరపాటు జరుగుతుంది. కూలెంట్ తగ్గిందని బోరు నీళ్లు పోస్తారు. మా వైపు బోరు నీళ్ల కాఠిన్యం గురించి ఇళ్లలో కుళాయిల మీద పేరుకునే తెల్లటి పొరే చెబుతుంది. ఆ సున్నపు పొర ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి 2 వాట్ల దగ్గర ఉంటే పోత ఇనుముది 50 దగ్గర. అంటే 1 మిల్లీమీటరు పొర, 25 మిల్లీమీటర్ల ఇనుము అడ్డు పెట్టినంత వేడిని ఆపుతుంది. డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఖరీదు చూసి వెనకాడే చోటు కాదిది.

త్యాగపు లోహం ముక్కల సంగతి, అంటే ఇంజన్ బదులు తామే అరిగేలా పెట్టే ముక్కల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఉప్పు నీటికి జింక్ బాగా పనిచేస్తుంది. మంచినీటిలో జింక్ మీద పొర పట్టి పని మానేస్తుంది, అక్కడ మెగ్నీషియం వాడాలి. ఏదైనా సగం అరిగిందంటే మార్చేయాలి. పూర్తిగా అరిగేదాకా ఆగితే, ఆ తర్వాత అరగడం మొదలయ్యేది ఇంజనే.

బోటులో రైజర్ ఎత్తు లెక్క చాలామంది వదిలేసేది. అందుకే కాస్త వివరంగా చెబుతాను. రైజర్‌లో నీళ్లు పొంగి అవతలకు పడే అంచు, బోటు నిలిచి ఉన్నప్పుడు నీటిమట్టానికి కనీసం 300 మిల్లీమీటర్లు పైన ఉండాలన్నది సాధారణ సూత్రం. 13 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న బోటు తీసుకుందాం. ముందు కొస సన్నబడుతుంది కాబట్టి నీటిమట్టం దగ్గర దాని వైశాల్యం సుమారు 39 చదరపు మీటర్లు. దీనిలో ఐసు, డీజిల్, మంచినీళ్లు, వలలు కలిపి 10 టన్నులు ఎక్కిస్తే సముద్రపు నీటిలో అది దాదాపు 250 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ఖాళీ బోటు మీద టేపు పెట్టి 300 అని సంతోషించిన చోట, వేటకు బయల్దేరేసరికి మిగిలేది 50. వెనక నుంచి ఒక పెద్ద అల కొట్టిందా, పొగ గొట్టంలోంచి నీళ్లు వెనక్కి ఎక్కుతాయి. కాబట్టి టేపు పెట్టాల్సింది ఐసు నింపాక, డీజిల్ పట్టించాక. లారీ ఇంజన్‌ను బోటులోకి దించినప్పుడు ఈ కొలత తీసుకోకుండా పాత సైలెన్సర్ వంపులే వాడేయడం వల్ల వచ్చే నష్టం అంతా ఇంతా కాదు.

స్టార్ట్ కాని ఇంజన్‌ను పదేపదే సెల్ఫ్ కొట్టడంలోనూ ఇదే ప్రమాదం దాగి ఉంది. సెల్ఫ్ మీద ఇంజన్ నిమిషానికి 200 చుట్లు తిరుగుతుంది, మామూలుగా తిరిగే 2,000లో పదో వంతు. నీళ్ల పంపు కూడా పదో వంతు పని చేస్తుంది, నిమిషానికి 2.3 లీటర్లు. పది సెకన్ల చొప్పున ఆరుసార్లు కొడితే 2 లీటర్ల పైగా నీళ్లు ఎగ్జాస్ట్‌లో చేరతాయి, వాటిని బయటికి నెట్టే పొగ మాత్రం ఉండదు. సిలిండర్‌ను ఆపడానికి 60 మిల్లీలీటర్లు చాలని పైన చూశాం. రెండు మూడు ప్రయత్నాలకు ఇంజన్ అందుకోకపోతే సముద్రపు నీళ్ల వాల్వ్ కట్టేసి, కారణం వెతికి, ఇంజన్ అందుకున్న మరుక్షణం వాల్వ్ తెరవాలి.

ఇప్పుడు విప్పే పని. రాత్రి ఆగి ఉన్న ఇంజన్ పొద్దున మొదటి చుట్టు దగ్గర ఇబ్బంది పడుతుంటే, కూలెంట్ ఎక్కడా కారకుండానే తగ్గుతుంటే, పొగ తెల్లగా ఆవిరిలా ఎక్కువ సేపు వస్తుంటే, జాయింట్ కింద తుప్పు చారలు కారుతుంటే ఇక ఆగకూడదు. ఆయిల్ మజ్జిగలా మారిందంటే అప్పటికే ఆలస్యం. నీళ్లు చేరాయన్న అనుమానం ఉన్న ఇంజన్‌ను సెల్ఫ్‌తో తిప్పకూడదు. ఇంజెక్టర్లు తీసి, క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పితే నీళ్లు పై నుంచి బయటికి వస్తాయి, రాడ్ దక్కుతుంది.

స్టడ్లు విరగడమే ఈ పనిలో అసలు కష్టం. ముందు రోజే తుప్పు వదిలించే ఆయిల్ పోసి రాత్రంతా నాననివ్వాలి. నట్టు ఒకేసారి బలవంతంగా తిప్పకుండా కాస్త విప్పి, కాస్త బిగించి, మళ్లీ విప్పుతూ పోవాలి. విరిగితే హెడ్ మీద తోచినట్టు డ్రిల్ పెట్టకండి. కేంద్రం తప్పిన డ్రిల్ హెడ్‌లోని నీళ్ల దారిలోకి దిగితే మానిఫోల్డ్ ఖర్చు కాస్తా హెడ్ ఖర్చవుతుంది.

విప్పిన మానిఫోల్డ్‌కు మూడు కొలతలు చాలు. మొదటిది వంపు. హెడ్‌కు కూర్చునే ముఖం మీద స్టీల్ స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్ దూర్చాలి. 0.1 మిల్లీమీటరు దాటి దూరితే సర్ఫేస్ గ్రైండింగ్‌కు పంపడం మంచిది. కంపెనీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. రెండోది ఒత్తిడి పరీక్ష. జాకెట్ దారులన్నీ ప్లేట్లు, రబ్బరుతో మూసి 1 బార్ గాలి పట్టించి నీళ్ల తొట్టిలో పదిహేను నిమిషాలు ముంచాలి. వీలైతే వేడినీళ్లలో ముంచాలి, కొన్ని పగుళ్లు ఇనుము వేడెక్కితేనే నోరు తెరుస్తాయి.

మూడోది గోడ మందం. రియాక్టర్ల గోడలు కొలిచే అల్ట్రాసోనిక్ గేజ్ పటాన్‌చెరు చుట్టుపక్కల టెస్టింగ్ వాళ్లందరి దగ్గరా ఉంటుంది. కానీ ఆ గేజ్ ఉక్కు కోసం సెట్ చేసి ఉంటుంది. ఉక్కులో శబ్దం సెకనుకు 5,900 మీటర్లు పోతుంది. పోత ఇనుములో రకాన్ని బట్టి 4,700 దగ్గర. సెట్టింగ్ మార్చకుండా పెడితే 4 మిల్లీమీటర్ల గోడ 5 అని చూపిస్తుంది, అరిగిన మానిఫోల్డ్ కొత్తదానిలా పాసైపోతుంది. అందుకని మందం తెలిసిన అదే పోత ముక్క మీద ముందు గేజ్‌ను సరిచేయించాలి. టెస్టింగ్ చేసే కుర్రాడిని ఈ ఒక్క ప్రశ్న అడగడానికి మొహమాటపడొద్దు. గ్రాఫైట్‌గా మారిన గోడ మీద అంకె నమ్మదగినది కాదు, అక్కడ స్క్రూడ్రైవర్ మాటే చెల్లుతుంది.

మందం పోయిన మానిఫోల్డ్‌ను వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందా? నికెల్ రాడ్‌తో పోత ఇనుము అతుకుతుంది, నిజమే. లారీ మానిఫోల్డ్ బయటి పగులుకు అది చక్కటి పరిష్కారం. జాకెట్ లోపలి గోడకు రాడ్ చేరదు. చేరిన చోట కూడా పక్కనున్న పల్చటి గోడ వేడికి మళ్లీ చీలుతుంది. రేడియేటర్‌లో పోసే లీకు పొడులు సందులు మూసి అసలు జబ్బును పెంచుతాయి. అరిగిన మానిఫోల్డ్ పాత ఇనుము కింద అమ్మాల్సిందే.

కొత్తది కంపెనీది దొరికితే అదే తేవడం మేలు. పాత మోడల్, భాగాలు రావడం లేదనుకున్నప్పుడే పోత పోయించే ఆలోచన వస్తుంది. అప్పుడు పాత మానిఫోల్డ్‌నే ప్యాటర్న్‌గా ఇసుకలో అద్దితే తప్పు జరుగుతుంది. పోత ఇనుము చల్లారేటప్పుడు సుమారు ఒక శాతం కుంచించుకుపోతుంది. 700 మిల్లీమీటర్ల ముక్క 693 అవుతుంది. చివరి బోల్టు రంధ్రాలు హెడ్‌తో కలవవు. ప్యాటర్న్‌కు ఆ ఒక శాతం కలపాలి, మిషన్ కొట్టే ముఖాలకు మరో 3 మిల్లీమీటర్లు అదనంగా ఉంచాలి. జాకెట్ ఖాళీ కోసం లోపల పెట్టే ఇసుక కోర్ పక్కకు జరిగితే ఒక గోడ 7, ఎదుటి గోడ 3 అవుతుంది. సగటు 5 చూపించి ఒప్పించేవాళ్లుంటారు, పల్చటి గోడే లెక్క. పోత వచ్చాక లోపల మిగిలిన ఇసుక దులిపించి, ఒక దారిలో నీళ్లు పోసి ఇంకో దారిలో ఎంత ధార వస్తుందో పాతదానితో పోల్చి చూడాలి.

స్టెయిన్‌లెస్‌తో చేయిస్తే తుప్పే ఉండదు కదా అని మన ప్రాంతంలో సహజంగానే అనిపిస్తుంది. మందుల ఫ్యాక్టరీల పుణ్యమా అని 316 గ్రేడు షీటును కాగితంలా మలిచి టిగ్ వెల్డింగ్ చేసేవాళ్లు ఇక్కడ వీధికొకరు. మంచినీటి బోటుకు, క్లోజ్డ్ పద్ధతికి అది బాగా పనికొస్తుంది. ఉప్పు నీటిలో 60 డిగ్రీలు దాటితే మాత్రం 304, 316 రకాల్లో వెల్డింగ్ అతుకుల దగ్గర క్లోరైడ్ వల్ల సన్నటి పగుళ్లు మొదలవుతాయి. తుప్పు మరక కూడా కనపడకుండా చీలుతుంది. ఉప్పు నీటికి స్టెయిన్‌లెస్సే కావాలంటే 2205 డ్యూప్లెక్స్ షీటు వాడాలి, దాని వెల్డింగ్ తెలిసిన చేయి కావాలి.

జాకెట్ లేని పొడి మానిఫోల్డ్‌కు సాగుదల లెక్క కూడా చూసుకోవాలి. 700 మిల్లీమీటర్ల పోత ఇనుము 450 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3.5 మిల్లీమీటర్లు సాగుతుంది. దానికి ఆనుకున్న హెడ్ అర మిల్లీమీటరే సాగుతుంది. మిగిలిన 3 మిల్లీమీటర్లకు చోటు ఇవ్వాలనే పొడవాటి మానిఫోల్డ్‌ను రెండు మూడు ముక్కలుగా చేసి స్లీవ్‌తో కలుపుతారు, బోల్టు రంధ్రాలు కాస్త పెద్దవిగా పెడతారు. రంధ్రం వదులుగా ఉందని బుష్ వేసి బిగించేస్తే నెల తిరక్కుండా స్టడ్ తెగుతుంది.

బిగింపులో మధ్య నుంచి రెండు వైపులకూ పోతూ, మూడు విడతల్లో టార్క్ పెంచాలి. 8.8 గ్రేడు 8 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణ పట్టిక సుమారు 25 న్యూటన్ మీటర్లు చెబుతుంది, 10 మిల్లీమీటర్ల బోల్టుకు 50 దగ్గర. మరల మీద రాగి గ్రీజు పూస్తే జారుడు పెరిగి అదే టార్క్‌కు బోల్టు ఎక్కువ సాగుతుంది. మాన్యువల్ పొడి మరలకు ఇచ్చిన అంకె అయితే కొంత తగ్గించాలి. గ్యాస్కెట్, షాపులో ప్యాకింగ్ అని అడిగేది, ప్రతిసారీ కొత్తదే వేయాలి. ఈ గ్యాస్కెట్ లీకులో ఇంకో ప్రమాదం ఉంది. బోటులో మనుషులు ఇంజన్ పక్కనే పడుకుంటారు. కార్బన్ మోనాక్సైడ్ గాలిలో పది లక్షల వంతుల్లో 400 ఉంటే గంటా రెండు గంటల్లో తలనొప్పి, 1,600 ఉంటే ఇరవై నిమిషాల్లో కళ్లు తిరగడం, ఆపైన రెండు గంటల్లోపే ప్రాణాపాయం. డీజిల్ పొగలో ఇది పెట్రోలు కంటే తక్కువే. కానీ కిటికీలు బిగించిన చిన్న క్యాబిన్‌లో, వర్షపు రాత్రి, తక్కువ కూడా ఎక్కువే అవుతుంది.

తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. మానిఫోల్డ్ పనికి దేవుడిచ్చిన గడువు అదే, కానీ చాలామంది దాన్ని చివరి పది రోజులకు నెట్టేస్తారు. పోత పోయించాల్సి వస్తే ఆ పది రోజులు ప్యాటర్న్‌కే చాలవు. మొదటి వారంలోనే విప్పి, కొలిచి, మార్చాలా వద్దా తేల్చుకుంటే ఏప్రిల్ ఆఖరుకు ముక్క పటాన్‌చెరు చేరుతుంది, మే మొత్తం ఫౌండ్రీకీ మిషన్ షాపుకూ దొరుకుతుంది. జూన్ మొదటి వారంలో బిగించి, రేవులోనే కట్టి, లోడ్ మీద గంటసేపు నడపాలి. గన్ థర్మామీటర్‌తో మానిఫోల్డ్ బయటి గోడను, ఎల్బోను, హోస్ పైపు మొదలును పది నిమిషాలకొకసారి కొలిచి రాసుకోవాలి. ఎల్బో బయట 40 నుంచి 60 డిగ్రీల మధ్య నిలకడగా ఉంటే పని కుదిరినట్టే. ఒక్క చోట 90 దాటినా లోపల ఇసుకో, ఇంపెల్లర్ ముక్కో అడ్డుపడి ఉంటుంది, మళ్లీ విప్పాలి. ఆ అంకెలతో పాటు తేదీ, గోడ మందం కూడా ఇంజన్ పుస్తకంలో రాసి పెడితే, వచ్చే ఏడాది విప్పే మెకానిక్ ఎవరైనా సరే, ఏడాదికి ఎంత అరిగిందో తీసివేసి చెప్పగలడు.